చెప్పబుద్ధి కాలే

ముప్పై మూడేళ్లు నర్సుగా చేసి దిగిపోయాను. ఈమధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయిలు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. మాటల్లో మాటగా, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి మేడం అని అడుగుతారు. వాళ్లు వినాలనుకునేది నేను ఎవరి ప్రాణమో కాపాడిన కథ. అలాంటివి నా దగ్గరా రెండు మూడు ఉన్నాయి. పెళ్లిళ్లలో పక్కన కూర్చున్నవాళ్లకు చెప్పుకోవడానికి బాగానే పనికొస్తాయి. కానీ నన్ను వదలకుండా పట్టుకున్నది నేను తప్పు చేసిన కేసు. అదే చెబుతాను. పేర్లు మాత్రం అడగకండి. అందులో ఉన్నవాళ్లందరూ బతికే ఉన్నారు.

నా ఉద్యోగంలో ఇరవై ఏళ్లకు పైగా కాన్పుల వార్డులోనే గడిచింది. మోకాళ్లు అరిగాక, నిలబడే పని తగ్గించమని అర్జీ పెట్టుకుంటే మానసిక విభాగంలో వేశారు. కామారెడ్డి జిల్లా అయిన కొత్తలో మాట. కాన్పుల వార్డులో నాతో చేసినవాళ్లు నవ్వారు, నీకు ఇక అరుపులూ కేకలూ ఉండవులే అన్నారు. నిజమే. కాన్పుల వార్డులో నొప్పి అనేది తనంతట తానే చెప్పుకుంటుంది. గోడలు అదిరేలా చెప్పుకుంటుంది. ఎవరికి ఎంత నొప్పి ఉందో వరండా ఆ చివర నుంచే నేను చెప్పగలిగేదాన్ని. ఆ విద్య నాకు బాగా వచ్చని గర్వం కూడా ఉండేది. కొత్త డ్యూటీలో నన్ను ముంచింది ఆ విద్యే.

మేము ముగ్గురం. డాక్టరు చిన్నవాడు, కోస్తా నుంచి వచ్చినవాడు, ప్రతి మాట చివర 'అండి' తగిలించేవాడు. ఫార్మసిస్టు దోమకొండ మనిషి. పొద్దున్నే మొదటి బస్సుకు కామారెడ్డి వచ్చేసేవాడు. మూడో మనిషిని నేను. నెలకోసారి ఎల్లారెడ్డిలో క్యాంపు. జీపులో ముందు సీటు డాక్టరుది, వెనక మాత్రల డబ్బాల మధ్య ఫార్మసిస్టూ నేనూ. లింగంపేట దాటేసరికి ఆయన టిఫిన్ డబ్బా మూత తీసేవాడు. సర్వపిండి ముక్కలు, పక్కన మామిడి తొక్కు. డాక్టరుకు ఆ కారం పడేది కాదు, అయినా తినేవాడు, కళ్ల నీళ్లు తుడుచుకుంటూ మళ్లీ చెయ్యి చాపేవాడు. ఇప్పుడు తలుచుకుంటే నా ఉద్యోగం మొత్తంలో నేను హాయిగా ఉన్నది ఆ జీపు వెనక సీట్లోనే అనిపిస్తుంది.

ఫార్మసిస్టుకు ఒక చాదస్తం ఉండేది. నెల మాత్రలు పొట్లం కట్టి ఇచ్చేముందు, ఆ రోజు మాత్ర ఒకటి తన ఎదుటే మింగించేవాడు. చేతికి గ్లాసు ఇచ్చి, మింగేదాకా చూసి, అప్పుడు పొట్లం ఇచ్చేవాడు. దానివల్ల వరుస కదిలేది కాదు. బస్సు దొరకదని జనం సణిగేవారు. నేను కూడా, సార్ మీరు ఇట్లా చేస్తే మనం రేపు పొద్దున ఇల్లు చేరుతాం అని దెప్పేదాన్ని. ఆయన గ్లాసు కడిగి తర్వాతి వాళ్లకు నీళ్లు పోసేవాడు.

ఆ క్యాంపుకే వచ్చేది ఆమె. లింగంపేట దగ్గరి ఒక చిన్న పల్లె. అప్పటికి ముప్పై ఎనిమిదేళ్లు. వెంట తీసుకొచ్చేది తమ్ముడి భార్య. ఆ మరదలు ఆమెను 'వదినె' అని పిలిచేది కాబట్టి మాకూ అదే అలవాటైంది. నేనూ ఇక్కడ వదినె అనే అంటాను.

వదినెకు పెళ్లయింది కానీ భర్తతో పొసగక చిన్న వయసులోనే పుట్టింటికి వచ్చేసింది. తమ్ముడి పెళ్లినాటికి ఆ ఇంట్లో బీడీలు చేయడంలో ఆమెను మించినవాళ్లు లేరు. కొత్తకోడలికి ఆకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, మూతి మడవడం అన్నీ ఆమే నేర్పింది. ఆ తర్వాత రెండేళ్లకు జబ్బు మొదలైంది. చెవిలో ఎవరో మాట్లాడుతున్నారని పొలాల వెంట పరుగెత్తేది, తిండిలో ఏదో కలిపారని గిన్నెలు విసిరేది. గుళ్లూ దర్గాలూ తిరిగి, చివరికి మా దగ్గరికి వచ్చారు. ఏడాది పట్టింది. మందులు పనిచేశాయి. చెవిలో మాటలు ఆగిపోయాయి. పరుగెత్తడం ఆగింది. మా డాక్టరు సంతోషించాడు, నేనూ సంతోషించాను.

మాటలు ఆగాక వదినె కూర్చుంది. అరుగు మీద కూర్చుంటే మధ్యాహ్నం ఎండ కాళ్ల మీద పడ్డా జరిగేది కాదు. బీడీల చాట ముట్టేది కాదు. ముఖంలో నవ్వూ లేదు, ఏడుపూ లేదు. స్నానం చేయించేవాళ్లుంటేనే స్నానం. పళ్లు తోముకోవడం ఎప్పుడు మానేసిందో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. అన్నం పెడితే తినేది, పెట్టకపోతే అడిగేది కాదు. చాయ్‌లో బిస్కెట్లు ముంచి ఇస్తే ఎన్ని ఇచ్చినా తినేది, నమలాల్సిన పనిలేదు గనుక. ఒళ్లు వచ్చేసింది.

తమ్ముడు మస్కట్‌లో. ఇంట్లో ఇద్దరు పిల్లలు, ముసలి అత్త, చేయాల్సిన బీడీలు. మరదలికి ఓపిక ఎక్కడినుంచి వస్తుంది? ప్రతి నెలా నా బల్ల ముందు కూర్చుని అదే చెప్పేది.

"చేతకాక కాదు సిస్టర్. నాకు బీడీలు నేర్పిందే ఆమె. ఇప్పుడు చెంబు లేపి అవతల పెట్టుమన్నా పెట్టది. పనిదొంగ అయింది."

నేను వదినె వైపు తిరిగి మంచి మాటలు చెప్పేదాన్ని. రోజూ నడవాలి, రెండు పూటలా పండ్లు తోముకోవాలి, చాయ్ తగ్గించాలి, ఆకుకూర తినాలి. ఆమె నా మాట అయిపోయేదాకా వినేది. చివర్లో "ఆఁ" అనేది. నేను కాగితం మీద 'సలహా ఇవ్వబడింది' అని రాసేదాన్ని. అది నిజమే. సలహా ఇవ్వబడింది. అది ఎక్కడికి వెళ్లి పడిందో మాత్రం నేను ఎప్పుడూ చూడలేదు.

మా కాగితంలో నాలుగు గళ్లుండేవి. చెవిలో మాటలు, నిద్ర, మాత్రలు, ఇబ్బందులు. వదినెకు నేను నెల నెలా నింపింది ఒకటే. మాటలు లేవు. నిద్ర ఉంది. మాత్రలు వేసుకుంటోంది. ఇబ్బందులు లేవు. మూడు నిమిషాల పని. నిజం చెప్పాలంటే వదినె నంబరు వచ్చిందంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. గొడవ లేని పేషెంటు.

ఆ రోజు ఎండాకాలం మొదట్లో. దారంతా మోదుగులు పూసి ఉన్నాయి. క్యాంపుకు జనం ఎక్కువగా వచ్చారు, వరుస గేటు దాకా ఉంది. వదినె నంబరు వచ్చేసరికి పన్నెండు దాటింది. కొంగు తల మీదుగా తెచ్చి దవడల చుట్టూ కప్పుకుని ఉంది. ఎండకు కప్పుకుందనుకున్నాను. మరదలు ఆ రోజు ఏమీ చెప్పలేదు, బాగా అలసిపోయి ఉంది, వెనకే నిలబడిపోయింది. మాటలు వినిపిస్తున్నాయా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది. నిద్ర పడుతోందా? తల నిలువుగా ఊపింది. ఏమన్నా ఇబ్బంది ఉందా? అడ్డంగా ఊపింది. ఇబ్బందులు లేవు అని రాసి, కాగితం మీద సంతకం పెట్టి, ఫార్మసిస్టు బల్ల వైపు చూపించాను. తర్వాతి నంబరు పిలిచాను.

ఆ తర్వాతి మనిషి ఇంకా కూర్చోకముందే ఫార్మసిస్టు నన్ను పిలిచాడు. గొంతు పెంచలేదు.

"సిస్టర్, ఒకసారి ఇటు రాండ్రి."

వెళ్లాను. వదినె చేతిలో గ్లాసు ఉంది. నీళ్లు పెదవి మూలనుంచి కారి జాకెట్టు తడిసింది. మాత్ర నాలుక మీదకు కూడా పోలేదు, పెదవికే అంటుకుని ఉంది. ఫార్మసిస్టు కొంగు కొంచెం పక్కకు జరిపాడు. దవడ కింద నుంచి మెడ దాకా వాపు. వేలుతో తాకితే చెక్కలా గట్టిగా ఉంది, కాలిపోతోంది. నోరు తెరవమంటే వేలు దూరేంత కూడా తెరుచుకోలేదు. ఆ సందులోంచి వచ్చిన వాసన నా ముప్పై మూడేళ్లలో నేను మరచిపోని వాసనల్లో ఒకటి. మూడు నిమిషాల ముందు నేను ఆమెకు మూరెడు దూరంలో కూర్చుని ఉన్నాను.

డాక్టరు వచ్చి చూశాడు. పన్ను చెడి చీము గొంతు కిందికి దిగిందని, అది ఊపిరి దారి మూసేస్తుందని, ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయొద్దని అన్నాడు. ఇంజెక్షన్ ఇప్పించి జీపు తీయమన్నాడు. తను కామారెడ్డికి ఫోన్ చేసి అన్నీ సిద్ధం చేయిస్తానన్నాడు. ఇంకా ముప్పై మందికి పైగా వరుసలో ఉన్నారు కాబట్టి తనూ ఫార్మసిస్టూ ఉండిపోయారు. వదినె, మరదలు, నేను జీపులో ఎక్కాం. వదినెను పడుకోబెట్టడానికి వీల్లేదు, పడుకుంటే ఊపిరి ఆడదు. ఇద్దరం చెరో పక్క కూర్చుని నిటారుగా పట్టుకున్నాం.

కొంతదూరం వచ్చాక మరదలు మాట్లాడడం మొదలుపెట్టింది. పది రోజులుగా వదినె అన్నం సరిగ్గా ముట్టడం లేదట. చాయ్ మాత్రం తాగుతోందట, అదీ సగం. అలిగిందనుకుందట. చెప్పి చెప్పి, నాలుగు రోజుల కింద కోపం ఆపుకోలేకపోయిందట.

"తింటే తిను లేకుంటే లేదని గిన్నె ముందలికెళ్లి గుంజుకున్న సిస్టర్. కుక్కకు పోసిన. ఆమె ఏమనలే. నా దిక్కు చూసుడు గూడ చూడలే."

ఏడవలేదు ఆమె. రోడ్డు వైపు చూస్తూ చెప్పింది. నా చేయి వదినె వీపు మీద ఉంది. ప్రతి శ్వాసా నాకు తెలుస్తోంది. నేను వదినె చెవి దగ్గరగా వంగి, ఇంత నొప్పి పెట్టుకుని ఎందుకు చెప్పలేదని అడిగాను. నిష్ఠూరంగానే అడిగానేమో. జవాబు వస్తుందని అనుకోలేదు. జీపు లింగంపేట దాటింది, వాళ్ల ఊరికి మలుపు తిరిగే చోటు వెనక్కి పోయింది. అప్పుడు పళ్ల సందులోంచి అంది.

"చెప్పబుద్ధి కాలే."

కోపం లేదు అందులో, బాధా లేదు. ఆకలి లేదు అన్నట్టే అంది. కాన్పుల వార్డులో నేను నేర్చుకున్నదంతా ఆ మాటతో పనికిరాకుండా పోయింది. నొప్పి ఉంది, నోరు ఉంది, పక్కన మనుషులున్నారు. కానీ నొప్పిని నోటిదాకా తెచ్చేదేదో ఆమెలో లేదు. నేనేమో ఆమెకు రోజుకు రెండుసార్లు పండ్లు తోముకోమని చెప్పుకుంటూ వచ్చాను.

కామారెడ్డిలో వాళ్లు సిద్ధంగా ఉన్నారు. దవడ కింద కోసి చీము తీశారు. సాయంత్రానికి శ్వాస తేలికపడింది. పూట ఆగి వచ్చుంటే చేతికి దక్కేది కాదని ఆపరేషన్ చేసిన డాక్టరు అన్నాడు. తర్వాత మూడు పళ్లు పీకేశారు.

ఇప్పుడు మీకు చెప్పడానికి సిగ్గుపడే సంగతి ఒకటి ఉంది. ఆ సాయంత్రం వదినె కాగితం నా సంచిలోనే ఉంది. వార్డులో ఇవ్వాలి. బల్ల దగ్గర కూర్చుని తెరిచాను. నా చేతి రాత, గుండ్రంగా, మధ్యాహ్నం రాసింది. ఇబ్బందులు లేవు. దాని కిందే కొంచెం జాగా ఉంది. పెన్ను తీసి, 'దవడ వాపు ఉంది, పంపడమైనది' అని ఇరికించాను. అబద్ధం కాదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. కానీ నేను కనిపెట్టినట్టు అయింది ఆ రాత. ఆ రాత్రి నిద్ర పట్టలేదని గొప్పలు చెప్పను, బాగా అలసిపోయి పడుకున్నాను. తెల్లవారి లేవగానే గుర్తొచ్చింది.

డాక్టరు గదిలోకి పోయి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన అప్పటికే కాగితం చూశాడు. మధ్యాహ్నం రాసింది నల్ల సిరా, సాయంత్రం ఇరికించింది నీలి సిరా. ఆయన నవ్వలేదు, తిట్టలేదు.

"కొట్టేయకండి సిస్టర్. రెండూ ఉండనివ్వండి. పక్కనే ఎవరు కనిపెట్టారో, ఎన్ని గంటలకు కనిపెట్టారో కూడా రాయండి," అన్నాడు. కాగితం నా వైపు జరిపి, "ఆ గడి నేను తయారుచేసిందేనండి. తప్పు మీ ఒక్కరిదే కాదు," అన్నాడు.

రాశాను. ఫార్మసిస్టు గారు మాత్ర మింగించేటప్పుడు గమనించారు అని రాశాను. ఆయనకు ఆ సంగతి చెబితే, దానికేముంది, అలవాటు అన్నాడు. అంతే.

మూడో రోజు డాక్టరు వార్డు వరండాలో మరదల్ని కూర్చోబెట్టి మాట్లాడాడు. నేను పక్కనే ఉన్నాను. ఈ జబ్బులో రెండు సగాలుంటాయని చెప్పాడు. లేనివి వచ్చి చేరడం ఒక సగం, ఎవరూ అనని మాటలు వినపడడం లాంటివి. ఉన్నవి పోవడం ఇంకో సగం. లేవాలనిపించడం, తినాలనిపించడం, చెప్పాలనిపించడం, నవ్వొచ్చినప్పుడు ముఖం కదలడం, ఇవన్నీ పోతాయి. మందులు మొదటి సగాన్ని బాగా పట్టుకుంటాయి, రెండో సగాన్ని అంతగా పట్టుకోలేవు. ఆమెకు పని రాక కాదు, పని ఎగ్గొట్టాలనీ కాదు. మొదలుపెట్టడమే ఆమె వల్ల కాదు. బయటికి అది బద్ధకంలాగే కనిపిస్తుంది.

 మరదలు డాక్టరును కాదు, నన్ను చూస్తూ అడిగింది.

"రెండేండ్ల సంది పనిదొంగ అంటున్న సిస్టర్. నెలనెలా మీ ముందలనే అన్న. గిది కూడ జబ్బే అని ఒక్కనాడన్న ఎందుకు చెప్పలే?"

నాకు తెలియదని చెప్పాను. నిజానికి పుస్తకంలో చదివాను, శిక్షణలో విన్నాను, పరీక్ష కూడా రాశాను. కానీ నా బల్ల ముందు కూర్చున్నప్పుడు గుర్తుపట్టలేదు. అలాంటిదాన్ని తెలియకపోవడం అనే అనాలి.

ఎనిమిది రోజులకు వదినె ఇంటికి పోయింది. తర్వాతి నెల క్యాంపుకు ఫార్మసిస్టు ఒక టార్చి లైటు కొనుక్కొచ్చాడు. ఇక ప్రతి ఒక్కరూ నోరు తెరవాలి, చెప్పులు విప్పి పాదాలు చూపాలి, బరువు చూసుకోవాలి. ఇబ్బంది ఉందా అని అడగడం మానేశాం. నిన్న పొద్దున లేచినకాడి నుంచి ఏమేం చేసిండ్రు, ఏం తిన్నరు, ఎంతదూరం నడిచిండ్రు అని అడిగాం. తొలి నెలలోనే పాదానికి పుండు పడి నెలరోజులైనా చెప్పనివాడు ఒకడు దొరికాడు. నీళ్లు అడగకుండా ఉండి ఉండి మూత్రంలో మంట తెచ్చుకున్న పెద్దాయన ఒకరు దొరికారు. అందరూ అంతకుముందు నా కాగితాల్లో ఇబ్బందులు లేనివాళ్లే.

నోళ్లు చూస్తున్నామని ఊళ్లలో పాకింది. పండ్ల క్యాంపు అని పేరు పడింది. ఒకసారి ఒక ముసలవ్వ సంచి పట్టుకుని వరుసలో నిలబడి, తన వంతు వచ్చాక, "అరటిపండ్లా బిడ్డా, దానిమ్మ పండ్లా?" అని అడిగింది. డాక్టరుకు మా దిక్కు పండ్లు అంటే దంతాలని కూడా అర్థమని అప్పటికింకా తెలియదు. విషయం తెలిశాక ఆ రోజంతా నవ్వుతూనే ఉన్నాడు. వెళ్లేటప్పుడు ఫార్మసిస్టు డబ్బాలో ఉన్న జామకాయ ఒకటి ఆ అవ్వ సంచిలో వేశాడు.

వదినె సంగతి మరదలు చూసుకుంది. మా సలహాలతో కాదు, తన తెలివితో. వాళ్ల ఇంటికి ఒకసారి పోయినప్పుడు చూపించింది. పో, పండ్లు తోముకో అంటే వదినె కదలదు. అదే బ్రష్షు మీద పేస్టు పెట్టి చేతికిచ్చి, తన బ్రష్షు తను తీసుకుని పక్కనే నిలబడి తోముకుంటే, కాసేపటికి వదినె చెయ్యి కూడా కదులుతుంది. మొదలు ఈమెది, తర్వాతది ఆమెది. అన్నం కూడా అంతే. గిన్నె పెట్టి వెళ్లిపోతే లాభం లేదు, ఎదురుగా కూర్చుని తన ముద్ద తను తినాలి. బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానా దాకా పోయేటప్పుడు బీడీల సంచి వదినె చేతికిచ్చి వెంట నడిపించేది. వాకిళ్లలో కూర్చున్నవాళ్లు నవ్వారట, పిచ్చిదాన్ని తిప్పుతున్నవా అన్నారట. తను పట్టించుకోలేదట. నేను అంతవరకు ఎంతమందికి ఎన్ని మంచి అలవాట్లు చెప్పి ఉంటానో. ఒక్కరి పక్కన నిలబడి ఒక్కనాడు పళ్లు తోముకోలేదు.

అంతా సాఫీగా ఏమీ జరగలేదు. మొదటి మూడు నెలలు ఏ మార్పూ లేదు. నాట్ల కాలంలో మరదలు కూలికి నస్రుల్లాబాద్ దిక్కు పోయి పదిహేను రోజులు అక్కడే ఉండాల్సి వచ్చింది. తిరిగి వచ్చేసరికి వదినె అదే అరుగు మీద, అదే చీరలో కూర్చుని ఉంది. ముసలి అత్తకు చేతనైంది చాయ్ పోయడం ఒక్కటే. ఆ నెల క్యాంపులో మరదలు నా ముందు కళ్లనీళ్లు పెట్టుకుంది, మళ్లీ మొదటికి వచ్చిందని. మళ్లీ మొదటి నుంచే మొదలుపెట్టింది.

ఏడాది దాటాక అనుకుంటా, ఒక నెల మరదలు నా బల్ల ముందు ఇంకా కూర్చోకుండానే చెప్పింది. కార్ఖానాకు పోయే వేళ తను ఏదో పనిలో పడి మరిచిపోయిందట. బయటికి వచ్చి చూస్తే వదినె సంచి పట్టుకుని గడప దగ్గర నిలబడి ఉందట. పిలవలేదు, ఏమీ అనలేదు, ఊరికే నిలబడి ఉందట.

"ఎంతసేపటి సంది నిలవడ్డదో ఏమో సిస్టర్," అంది మరదలు.

ఆ ముక్క మొత్తం కాగితంలో రాశాను. గళ్లలో పట్టలేదు. వెనక్కి తిప్పి రాశాను.

తర్వాత నాలుగేళ్లు చేశాను ఆ క్యాంపు. ఫార్మసిస్టు నాకంటే ముందే రిటైరయ్యాడు. డాక్టరు బదిలీ అయి వాళ్ల దిక్కు వెళ్లిపోయాడు, పండగలకు ఫోన్ చేస్తాడు, తొక్కు అడుగుతాడు. వదినె మళ్లీ పూర్వంలా కాలేదు. బీడీలు చేయలేదు. నెల నెలా నోరు తెరిచి చూపేది, బరువు చూసుకునేది, నిన్న ఏం చేశావంటే రెండు మాటల్లో చెప్పేది. తనంతట తాను నన్ను ఒక్క ప్రశ్న అడగడం నేను ఎరగను.

నా చివరి క్యాంపునాడు అందరికీ చెప్పినట్టే వదినెకూ చెప్పాను, వచ్చే నెల నుంచి నేను రాను, వేరే సిస్టర్ వస్తుందని. మరదలు నా చేతులు పట్టుకుంది. వదినె ముఖం కదలలేదు. "ఆఁ" అని, మాత్ర మింగి, పొట్లం తీసుకుని వెళ్లిపోయింది. జబ్బు సంగతి అంత తెలిసిన నాకు కూడా, ఉన్నమాట చెప్పాలంటే, కొంచెం చిన్నబుచ్చుకున్నట్టయింది.

రెండు నెలల తర్వాత నా స్థానంలో వచ్చిన అమ్మాయి ఏదో రిజిస్టరు గురించి అడగడానికి ఫోన్ చేసింది. పని మాట అయిపోయాక, మేడం, లింగంపేట దిక్కు నుంచి ఒకామె వస్తది కదా, అసలు మాట్లాడదు, ఆమె మీ గురించి అడిగింది అని చెప్పింది. ఏమని అడిగిందంటే ఆ అమ్మాయి కాస్త తటపటాయించింది. చెప్పమన్నాను.

"ఆ లావు సిస్టర్ వస్తలేదేంది అని అడిగింది మేడం. పోయిన నెల కూడ అడిగింది."

ఫోన్ పెట్టేశాక కాసేపు వంటింట్లో ఊరికే నిలబడ్డాను.

తర్వాతి క్యాంపు రోజున కామారెడ్డి బస్టాండుకు పోయి ఎల్లారెడ్డి బస్సెక్కాను. ఇప్పుడు ఆడవాళ్లకు టికెట్ లేదు కదా, కండక్టరు సున్నా టికెట్ చింపి ఇచ్చాడు. పోయి ఏం చేస్తానో నాకే తెలియదు. అన్నేళ్లు బల్లకు అవతల కూర్చున్నదాన్ని, ఆ రోజు వరండాలోకి పోతే నాకంటూ ఒక చోటు లేదు. కొత్త అమ్మాయి లోపల పనిలో ఉంది. పేషెంట్ల బెంచీ మీద ఒక చివర మరదలు, పక్కన వదినె. మరదలు నన్ను చూసి లేవబోయింది. వద్దని చేత్తో ఆపాను.

వదినె నా వైపు చూసింది. ముఖం ఎప్పటిలాగే ఉంది. కొంచెం పక్కకు జరిగింది. నేను కూర్చున్నాను.

"వచ్చినవా," అంది.

"వచ్చిన," అన్నాను.

ఆమె నంబరు పిలిచేదాకా ముగ్గురం అలాగే కూర్చున్నాం.